నెపం నా మీద వేయండి

బ్యాంకులో కొత్తగా చేరిన పిల్లలు కొందరు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, ప్రమోషను పరీక్షకు ఏం చదవాలని అడుగుతారు. ఆ పరీక్ష నేను రెండుసార్లు తప్పాను. మూడోసారి నన్ను చూసి చూసి విసుగొచ్చి పాస్ చేశారని నా అనుమానం. కాబట్టి ఆ సంగతి నన్ను అడగడం దండగ. అడగనిది చెబుతాను. పల్నాడు పల్లెల్లో చదువుల అప్పులు ఇచ్చే కుర్చీలో కూర్చుంటే అసలు పని ఏమిటో చెబుతాను. అసలు అంటే ఇక్కడ వడ్డీ పక్కన ఉండే అసలు కూడా.

నేను నరసరావుపేటలో పప్పుల కొట్టు నడిపే ఇంట్లో పుట్టాను. మా నాన్న అరువు ఇచ్చేవాడు, నేను అప్పు ఇచ్చాను. ఆయన మనిషి మొహం చూసి ఇచ్చేవాడు, నేను కాగితం చూసి ఇచ్చాను. వసూళ్లలో మాత్రం ఎప్పుడూ ఆయనదే పైచేయి. బ్యాంకు భాషలో లోను అంటే అప్పు, మన భాషలో లోనుకావడం అంటే చిక్కుకోవడం. రెండిటికీ మధ్య ఒక మనిషిని కూర్చోబెట్టి జీతమిస్తారు. ఆ మనిషే ఫీల్డాఫీసరు.

పిలవకుండా పెరిగేది

గురజాల బ్రాంచిలో పనిచేసే రోజుల్లో ఒక టైలరు మాస్టారు తన కొడుకు ఎంబీయే కోసం మా దగ్గర లోను తీసుకున్నాడు. చదువు నడిచినంత కాలం, ఆ పైన ఇంకో ఏడాది వాయిదాలు కట్టనక్కరలేదు. ఆ గడువును మేం మారటోరియం అంటాం. ఆయన దాన్ని నోరు తిరక్క 'మారుటూరు' అనేవాడు. ఎవరన్నా అడిగితే, మా బాకీ ఇప్పుడు మారుటూర్లో ఉంది, తీరిగ్గా వస్తుంది అనేవాడు.

వచ్చింది. గడువు తీరాక ఒకరోజు మెడలో టేపుతోనే బ్రాంచికి వచ్చి నా ముందు నోటీసు పెట్టాడు.

"సారూ, మేం తీసుకున్నది మాకు తెలుసు. ఆ పైన ఉన్నది ఎవరిది?"

"అదీ మనదే మాస్టారూ. చదువుకునేటప్పుడు కూడా వడ్డీ నడుస్తుంది. కట్టకపోతే అసలులో కలుస్తుంది."

"మాకెవరూ చెప్పలా."

"కాగితంలో ఉంది. సంతకం పెట్టారు."

"సంతకం పెట్టేటప్పుడు ఎవురన్నా చదువుతారా సారూ? మీరు చొక్కా కుట్టించుకునేటప్పుడు లోపల కుట్లు లెక్కబెట్టారా?"

లెక్కబెట్టలేదు. ఆ రోజు వేసుకున్న చొక్కా ఆయన కుట్టిందే కాబట్టి వాదించే వీలు కూడా లేకపోయింది.

మీరు చేయాల్సింది చెబుతాను. లోను ఇచ్చిన రోజునే, చదువు నడుస్తుండగా నెలనెలా వడ్డీ మాత్రం కట్టమని ఇంటివాళ్లను ఒప్పించండి. మొదటి ఏడాది డబ్బంతా ఒకేసారి కాలేజీకి వెళ్లదు కాబట్టి ఆ వడ్డీ చిన్నదే. ఇంట్లో అందరి సెల్లుల రీచార్జీ పాటి ఉంటుంది. కడితే, పిల్లవాడు ఉద్యోగంలో చేరేనాటికి బాకీ తీసుకున్నంతే ఉంటుంది. కట్టలేని ఇల్లయితే బలవంతం చేయొద్దు. పెరుగుతుందన్న సంగతి మాత్రం తప్పకుండా చెప్పండి. చెప్పకపోవడం మోసం కాదని మన సర్వీసు రూల్సు అంటాయి. ఆ ఇంటివాళ్లు అలా అనుకోరు.

ఏసీలో మిరపకాయలు

ఇప్పుడు బాలస్వామి సంగతి. వినుకొండ దగ్గర బ్రాంచిలో ఉన్నప్పుడు నూజెండ్ల వైపు ఊళ్లు నా కింద ఉండేవి. బాలస్వామి ఆ ఊళ్లలో ఒకదాంట్లో రైతు. సొంతం కొంచెం, కౌలు ఎక్కువ. భార్య రూతమ్మ. పెద్ద కూతురు కీర్తన నరసరావుపేటలో డిగ్రీ చదివింది. అప్పటిదాకా మా బ్యాంకుతో వాళ్లకు ఏ లావాదేవీ లేదు.

కీర్తనకు ఎమ్మెస్సీలో రెండు సీట్లు వచ్చాయి. ఒకటి పసుపుపచ్చ బస్సులు తిరిగే ప్రైవేటు కాలేజీలో, ఇంకోటి యూనివర్సిటీలో. బాలస్వామికి బస్సులు నచ్చాయి. ఊళ్లోకి బస్సు వస్తే నలుగురూ చూస్తారు. కీర్తన యూనివర్సిటీ అంది. ఫీజు తక్కువ, హాస్టలు చవక. ఈ ఒక్క నిర్ణయం, తర్వాత చేసే పొదుపులన్నిటికంటే పెద్దది. ఖరీదైన సీటు తీసుకుని, ఆ తర్వాత రాత్రి భోజనం మానేసి అప్పు తగ్గించాలని చూసిన పిల్లలను నేను చూశాను. భోజనం మానితే తగ్గేది పిల్లలే, అప్పు కాదు.

యూనివర్సిటీ సీటే అని తేలింది కానీ చిక్కు వేరే చోట పడింది. డిగ్రీకి ప్రభుత్వం నుంచి రావాల్సిన ఫీజు ఇంకా కాలేజీకి రాలేదు. ఆ బకాయి కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామన్నారు వాళ్లు. వాళ్ల ఇబ్బంది వాళ్లది. శనివారంలోగా ఒరిజినల్ సర్టిఫికెట్లతో యూనివర్సిటీలో చేరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. నేను కొత్త చదువుకు లోను ఇవ్వగలను, పాత చదువు బకాయికి ఇవ్వలేను. ఆ డబ్బు ఇంట్లోంచే రావాలి.

బుధవారం సాయంత్రం మోటారుసైకిలు మీద వాళ్ల ఇంటికి వెళ్లాను. రూతమ్మ వసారాలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. నాకు వరసగా నాలుగు తుమ్ములు వచ్చాయి.

"ఏమే కీర్తనా, సారుకి కుర్చీ ఎయ్యి. గాలి ఇటు కొడతంది, అటేపు ఎయ్యి," అంది ఆమె.

"ఇవి మీ కాయలేనా అమ్మా?" అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

"మాయి ఏసీలో ఉన్నయ్ సారూ. ఇయ్యి ఊళ్లోవాళ్లయి. కూలికి తీత్తన్నా."

కొత్తవాళ్ల కోసం చెబుతున్నాను. మావైపు కోల్డ్ స్టోరేజీని ఏసీ అంటారు. ఎండాకాలంలో మనుషులంతా చెట్లకింద చేరతారు, మిరపకాయలు మాత్రం ఏసీలో ఉంటాయి. ధర వచ్చేదాకా అక్కడే దాచి, వచ్చాక గుంటూరు యార్డులో అమ్ముతారు. దాచినందుకు అద్దె కట్టాలి.

"ఎన్ని ఉన్నాయి బాలస్వామిగారూ?"

"నలభై టిక్కీలు," అన్నాడు. మిరప బస్తాను టిక్కీ అంటారు. "తేజ కాయ సారూ. రంగు చూత్తే మీరే కొంటారు."

"నేను కొనను, నాకు కారం పడదు. వాటిలో కొన్ని అమ్మితే కాలేజీ బకాయి తీరదా?"

ఆయన నా వైపు జాలిగా చూశాడు.

"పది టిక్కీలు తీసకపోయి యార్డులో పెడితే ఏమనుకుంటారు సారూ? బాలస్వామి ఇంట్లో పొయ్యి ఎలగట్లేదనుకుంటారు. రేపు మిగతాయి తీసకపోతే, ఏంది బాలస్వామీ, మళ్లీ గడవట్లేదా అని అగ్గువకి అడుగుతారు. సరుకన్నాక మొత్తం లాటు ఒకసారి పోవాల. మా అయ్య ఏనాడూ ముక్కలు చేసి అమ్మలా."

"మరి అమ్మాయి ఫీజు?"

"షావుకారు ఇత్తానన్నాడు. రెండు రూపాయలకే."

ఆ 'కే' నాకు గుచ్చుకుంది. నెలకు నూటికి రెండు రూపాయలు అంటే ఏడాదికి ఇరవై నాలుగు. మేం తీసుకునేదానికి రెట్టింపు పైమాట. అంతకుముందు ఏడాది పురుగుమందులకు తీసుకున్న బాకీ అప్పటికే ఆ షావుకారు దగ్గర ఉంది.

నేను పెన్ను తీశాను. ఏసీ అద్దె, షావుకారు వడ్డీ, సరుకు ఎండి తగ్గే తూకం, అన్నీ కూడి చూపించాను. ఓట్లకు వచ్చినవాడి మాట విన్నట్టు మర్యాదగా విన్నాడు. అయిపోయాక, "టీ తాగుతారా సారూ?" అన్నాడు.

అప్పటిదాకా గుమ్మంలో నిలబడి ఉన్న కీర్తన, "నాన్నా, ధర ఎంతొత్తే అమ్ముతావ్?" అంది.

"వచ్చినప్పుడు తెలుసుద్ది."

"అట్టా కాదు. అంకె చెప్పు."

బాలస్వామి ఒక అంకె చెప్పాడు.

"పోయినేడు దసరాకి అంతే వచ్చింది నాన్నా. ఇంకొంచెం రానీ అన్నావ్. కిస్మస్‌కి దిగిపోయినాక అమ్మావ్."

రూతమ్మ తల ఎత్తకుండానే అంది. "నేను ఊరోళ్ల కాయలకి తొడిమలు తీసి కూలి తెత్తన్నా. మన కాయలేమో చల్లగా పడుకున్నయ్. ఈ ఇంట్లో సుకపడేది అయ్యే. సీటు పోతే, ఇంకోటి వచ్చేదాకా పిల్లని కూడా ఏసీలో పెడతావా?"

కీర్తన నవ్వు ఆపుకుంది. నేను ఆపుకోలేక తుమ్ము మీదికి నెట్టాను.

చాలాసేపటికి బాలస్వామి గొంతు తగ్గించి, "అమ్మాలనే ఉంది సారూ. ఊళ్లో ఏం చెప్పాల?" అన్నాడు.

మోయవలసిన మాట

చూశారా, నేను అంతసేపూ లెక్క తెలియని మనిషికి లెక్క చెబుతున్నాననుకున్నాను. ఆయనకు లెక్క తెలుసు. ఆయనకు లేనిది ఒక నెపం. లాటు విరిచి అమ్మితే ఊళ్లో పలుచన కాకుండా చెప్పుకోవడానికి ఒక మాట కావాలి. అలాంటి మాటలు మన బ్యాంకులో కావలసినన్ని ఉంటాయి.

"నెపం నా మీద వేయండి," అన్నాను. "బ్యాంకోడు పీకల మీద కూర్చున్నాడు, పది టిక్కీలన్నా అమ్మి కట్టమన్నాడని చెప్పండి."

"మీకు మాటొచ్చిద్ది గదా సారూ?"

"నాకు రావలసినవి ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. ఒకటి ఎక్కువైతే ఏమవుతుంది?"

నిజానికి ఆ రోజుకు బాలస్వామి మాకు ఒక్క రూపాయి బాకీ లేడు.

గురువారం తెల్లవారుజామున తండ్రీకూతుళ్లు సరుకుతో గుంటూరు వెళ్లారు. మధ్యాహ్నం ఆయన ఫోను చేశాడు. వెనక యార్డు గోల. "పది ఇచ్చినా సారూ. పిల్ల కాంటా కాడ నిలబడి తూకం చూసుకుంది. వాళ్లు నన్ను ఏమీ అనలా, దాన్ని చూసి అమ్మాయిగారూ అన్నారు." శుక్రవారం కాలేజీలో బకాయి కట్టారు, సర్టిఫికెట్లు వచ్చాయి. శనివారం ఆమె యూనివర్సిటీలో చేరింది. ఆ తర్వాత ఆమె లోను కాగితాలు నేను చేశాను.

ఆ పల్లెలో టీకొట్టు దగ్గర ఆగితే కొన్నాళ్లపాటు నాకు పంచదార తక్కువ పడేది. ఒక పెద్దాయన మొహం మీదే అడిగాడు. "ఏంది సారూ, కాయలమ్మించి మరీ వసూలు చేత్తారా? చదువుకున్నోళ్లు, మీకేం బుద్ధి?"

"ఏం చేస్తాం పెద్దాయనా, పైనుంచి ఒత్తిడి," అన్నాను. మా బ్రాంచిలో నా పైన ఫ్యాను తప్ప ఏదీ తిరిగేది కాదు.

నెపం ఇవ్వడం మన ఉద్యోగంలో ఏ సర్క్యులరులోనూ లేదు. కానీ పని సగం అదే. చెల్లెలి పెళ్లిలో బ్యాండు మేళం తగ్గించాలనుకునే అన్నకు, కొత్త బండి కొనకూడదనుకుంటూనే స్నేహితుల మాటకు తలవంచే కుర్రవాడికి, బ్యాంకోడు ఒప్పుకోలేదు అనే మాట మందులా పనిచేస్తుంది. ఇవ్వండి. మనకు మంచిపేరు రావాలన్న ఆశ ఉంటే మాత్రం ఇది కష్టం. నాకు ఆ ఆశ పరీక్షల్లోనే పోయింది.

ఇదంతా నా తెలివని అనుకోకండి. నెల తిరిగేసరికి మిరప ధర పెరిగింది. బాలస్వామి బ్రాంచికి వచ్చి నలుగురి ముందూ, "మీ మాట విని పది టిక్కీలు పోగొట్టుకున్నా," అన్నాడు. అప్పుడు నెపం కాదు, నిజంగానే నన్ను అన్నాడు.

"మిగతా ముప్పై ఉన్నాయిగా, ఇప్పుడు అమ్మండి," అన్నాను.

"ఇంకొంచెం చూత్తా."

కీర్తన హాస్టలు నుంచి ఫోనులో ఏం చెప్పిందో నాకు తెలియదు. వారంలో ఇరవై అమ్మాడు. మిగిలిన పదీ దాచాడు, అవి తర్వాత తక్కువకే పోయాయి. ధర ఎటు పోతుందో తెలిస్తే నేను బ్యాంకులో ఎందుకుంటాను, ఏసీ కట్టి అద్దెలు తీసుకునేవాణ్ణి. నాకు తెలిసింది ఒక్కటే. పిల్ల ఫీజుకు గడువు ఉంటుంది, మిరప ధరకు ఉండదు.

ముందు ఎవరిది

ఆ ఇరవై టిక్కీల డబ్బుతో బాలస్వామి నేరుగా మా దగ్గరికి వచ్చాడు. ఎమ్మెస్సీ లోను కట్టేస్తానన్నాడు. "పిల్ల పేరున బాకీ ఉంటే నాకు నిద్ర పట్టట్లా సారూ. షావుకారు మనోడే, అడగడు."

చదువుల అప్పు తీసుకున్న ఇళ్లలో నేను ఎక్కువగా చూసిన పొరపాటు ఇదే. అడిగేవాడికి ముందు కడతారు, అడగనివాడిని ఆగమంటారు. అడగనివాడి వడ్డీ మాత్రం ఎవరినీ అడగకుండానే పెరుగుతుంది.

"మాకు నెలవడ్డీ కట్టి ఊరుకోండి. ఈ డబ్బు తీసుకెళ్లి షావుకారు బాకీ తెంపేయండి," అన్నాను.

పక్కగదిలోంచి మా మేనేజరు ప్రకాశరావుగారికి ఇది వినబడింది. బాలస్వామి వెళ్లాక నన్ను పిలిచారు.

"మీరు తినేది బ్యాంకు జీతమా, షావుకారు జీతమా?"

"బ్యాంకుదేనండి. షావుకారు ఇంకా ఎక్కువ ఇచ్చేవాడేమో."

"వచ్చిన డబ్బు కౌంటరు మీంచి వెనక్కి పంపించే ఫీల్డాఫీసర్ని నేనింతవరకూ చూళ్లేదయ్యా."

"రెండు రూపాయల బాకీ తీరితే ఆ ఇంట్లో మిగిలే డబ్బే మనకొచ్చేదండి. అది ఉన్నన్నాళ్లూ మన వాయిదా ఎప్పుడూ గండమే."

"రాకపోతే?"

"నన్ను మాచర్లకు పంపించండి."

ఆయన కళ్లజోడు తీశారు. "మాచర్ల ఏమన్నా జైలా? అక్కడా మనుషులే ఉంటారు." ఆయన సొంతూరు మాచర్ల అని అప్పుడు గుర్తొచ్చింది.

ప్రకాశరావుగారు చెడ్డవారు కాదు. నెలాఖరుకు వసూళ్ల అంకె పంపాల్సింది ఆయన, నేను కాదు. మీకూ ఇలాంటి పైవాళ్లు ఉంటారు. వాళ్లు తిడితే తిట్టించుకోండి. కానీ ఇంటివాళ్లకు చెప్పాల్సిన మాట ముందే చెప్పి, ఆ తర్వాత తిట్టించుకోండి. వరస మారితే ఆ మాట ఇక నోటికి రాదు. నన్ను మాచర్లకు పంపలేదు. రెండేళ్ల తర్వాత మామూలు బదిలీలో గురజాల దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చాను.

కీర్తన హాస్టలు దగ్గర పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పి, నెలవడ్డీ తనే ఫోనులో పంపేది. రెండో ఏడాది పుస్తకాలకూ లాప్‌టాపుకూ శాంక్షనైన డబ్బు వద్దంది. సీనియరు దగ్గర పాత లాప్‌టాపు కొనుక్కుంది. అది ఫ్యానుకంటే ఎక్కువ చప్పుడు చేస్తుందట. శాంక్షనైంది కదా అని తీసుకోవాల్సిన పని లేదని చెప్పే ఫీల్డాఫీసర్లు అరుదు, నేనూ ఆ రోజు చెప్పలేదు. ఆమె వద్దన్నాక అవునమ్మా అన్నానంతే.

చదువయ్యాక ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఉద్యోగం దొరికింది. జీతం ఎంతో చెప్పను, చెబితే ఆమెకూ బాగుండదు, కాలేజీకీ బాగుండదు. ఎమ్మెస్సీ చదివితే జీవితం మారిపోతుందని మీ దగ్గరికి వచ్చేవాళ్లకు చెప్పకండి. చాలామందికి అది కొంచెం కొంచెంగానే మారుతుంది. అందుకే అప్పు కూడా కొంచెంగానే ఉండాలి. ఇంట్లో షావుకారు బాకీ లేకపోవడంతో ఆమె జీతంలో కొంత మిగిలేది. వాయిదాలు గడువుకంటే ముందే అయిపోయాయి.

చిన్నమ్మాయి

నేను రిటైరయ్యే ఏడాది ఎండాకాలంలో బాలస్వామి, రూతమ్మ బ్రాంచికి వచ్చారు. వెంట చిన్న కూతురు దీవెన ఉంది. ఇంటరు పాసై బీఎస్సీ నర్సింగు సీటు తెచ్చుకుంది. కీర్తన లోను క్లోజు చేసిన కాగితం బాలస్వామి చొక్కాజేబులోంచి కనబడుతోంది.

"ఈ ఏడు కాయలన్నీ ఏసీకి పెట్టలా సారూ," అన్నాడు కూర్చుంటూనే. "సగం కళ్లంలోనే ఇచ్చేశా. మిగతా సగం ఫీజుల నెలకని ఉంచా."

"ఊళ్లో ఏమన్నారు?"

"ఏమంటారు? ఇప్పుడు మా ఈధిలో ముగ్గురు అట్టానే అమ్ముతున్నారు. ఎవురి ఇట్టం వాళ్లది."

నేను దీవెన కాగితాలు చూశాను. కాలేజీ మంచిదే, నాలుగేళ్ల కోర్సు. గరిష్ఠంగా ఎంత ఇవ్వవచ్చో అలవాటుకొద్దీ కంప్యూటరులో చూసి, ఆ అంకె చెప్పబోయాను.

బాలస్వామి చెయ్యి అడ్డం పెట్టాడు. "అది వద్దు సారూ. ఎంత తక్కువ తీసుకుంటే దీని చదువు గడుసుద్దో అది చెప్పండి."

నా సర్వీసు అంతా, ఎంతొచ్చిద్ది సారూ అని అడిగినవాళ్లకే జవాబు చెప్పాను. ఈ ప్రశ్నకు కంప్యూటరులో గడి లేదు. తెల్లకాగితం ఒకటి ముందుకు లాక్కున్నాను. ఆయన తన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. కౌలు పోను ఇంత, కీర్తన నెలకు పంపుతానన్నది ఇంత అని మొదలుపెట్టాడు. నేను బస్సుపాసు అన్నాను, ఆయన హాస్టలు అన్నాడు. ఇద్దరం కలిసి అంకెల్లో పడ్డాం.

"ఒక్క నిమిషం ఆగండయ్యా," అంది రూతమ్మ. "చదివేది మీ ఇద్దరూ కాదు. దానికేం కావాలో దాన్ని అడగండి."

ముగ్గురం దీవెన వైపు తిరిగాం. ఆ పిల్ల తండ్రి వైపోసారి, నా వైపోసారి చూసి, చున్నీ సర్దుకుని, చెప్పడం మొదలుపెట్టింది. నేను పెన్ను పక్కన పెట్టాను.